సూత్రం రాసే ముందు బొమ్మ గీయండి: బలాలు, చలనం, విద్యుత్ క్షేత్రం లెక్కలు ఎలా చేయాలి

"సూత్రాలన్నీ కంఠతా వచ్చు మాష్టారూ, లెక్క మాత్రం రాదు."

విశాఖలో మా డాబా మీద ట్యూషన్ మొదలుపెట్టిన నాటి నుంచి ఏటా వింటున్న మాట ఇది. ఇంటర్ మొదటి ఏడాది పిల్లలు వాలుతలం దగ్గర ఆగిపోతారు, రెండో ఏడాది వాళ్లు ఆవేశాల దగ్గర. తల్లిదండ్రులు ఫోన్ చేసినా అదే ప్రశ్న. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గిపోయి, అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఇన్నేళ్లుగా నోట్సులు దిద్దుతున్నాను. సూత్రం తప్పు రాసినవాళ్లు తక్కువ. తప్పంతా దానికి ముందే జరిగిపోతుంది: గీయని బొమ్మలో, తిరగబడిన గుర్తులో, మార్చని యూనిట్లో. ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా గుణించినా ఏం లాభం? గాజువాక వెళ్లాల్సినవాడు భీమిలి బస్సెక్కి కిటికీ పక్క సీటు చూసుకున్నట్టే.

ఏమేం కావాలి

రూళ్లు లేని తెల్ల కాగితాలు, పెన్సిలు, స్కేలు, రెండు రంగుల పెన్నులు. ఒక రంగు బలాలకు, రెండోది త్వరణానికి. ఈ రెండింటినీ ఒకే రంగులో గీస్తే పది నిమిషాల తర్వాత ఏది ఏదో మీకే తెలియదు. కాలిక్యులేటర్ పక్కన పెట్టేయండి, ఎంట్రన్సు పరీక్షల్లో ఎలాగూ లోపలికి రానివ్వరు. కొన్ని సంఖ్యలు నోటికి రావాలి: గురుత్వ త్వరణం 9.8 (రఫ్‌గా 10), గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చే 5/18, కూలుంబ్ స్థిరాంకం 9×10⁹. 30, 45, 60 డిగ్రీల సైన్, కాస్ విలువలు కూడా. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

1. యూనిట్లు ముందే మార్చేయండి

లెక్క మధ్యలో మారుద్దాం అనుకున్నవాళ్లు మారుస్తారన్న నమ్మకం నాకు లేదు. ప్రశ్న చదివిన వెంటనే, ఇచ్చిన ప్రతి సంఖ్యనూ మీటరు, కిలోగ్రాము, సెకను, కూలుంబుల్లోకి మార్చి ఎడమ పక్క వరసగా రాయండి.

ఒక లెక్క చూడండి. బీచ్ రోడ్డులో మీ స్కూటీ గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోతోంది. కుక్క అడ్డం వచ్చింది. అది చూసి మీ చెయ్యి బ్రేకు నొక్కడానికి 0.6 సెకను పట్టింది. బ్రేకు పడ్డాక వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతోంది. మొత్తం ఎంత దూరంలో ఆగుతారు?

54ను 5/18తో గుణిస్తే సెకనుకు 15 మీటర్లు. బ్రేకు పడేలోపు నడిచిన దూరం 15 × 0.6 = 9 మీటర్లు. బ్రేకు పడ్డాక 15 × 15 ÷ (2 × 5) = 22.5 మీటర్లు. మొత్తం 31.5 మీటర్లు.

54ను మార్చకుండా అలాగే పెట్టేస్తే జవాబు 324 మీటర్లు వస్తుంది. అంటే కురుసుర సబ్‌మెరైన్ పక్కన బ్రేకేసిన స్కూటీ, దాన్ని దాటి ఎంతో దూరం జారిపోవాలి. జవాబు రాగానే దాన్ని ఒకసారి రోడ్డు మీద ఊహించుకుంటే చాలు, ఈ తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. చాలామంది ఊహించుకోరు, గడి కట్టేసి తర్వాతి లెక్కకు పోతారు.

జాగ్రత్త: సెంటీమీటరు 10⁻² అయితే చదరపు సెంటీమీటరు 10⁻⁴. విద్యుత్ లెక్కల్లో దూరాన్ని వర్గం చేస్తాం కనుక ఈ పొరపాటు జవాబును వందో, పదివేలో రెట్లు మార్చేస్తుంది. వర్గం చేశాక మార్చకండి, మార్చాకే వర్గం చేయండి.

2. ఒక్క వస్తువునే గీయండి, ప్రతి బాణానికీ "ఎవరు?" అని అడగండి

దీన్నే పుస్తకాల్లో స్వేచ్ఛా వస్తు పటం అంటారు, పిల్లలు ఎఫ్‌బీడీ (ఫ్రీ బాడీ డయాగ్రమ్) అంటారు. వస్తువును ఒక చుక్కగానో పెట్టెగానో గీసి, దాని మీద పనిచేసే బలాలను మాత్రమే బాణాలుగా వేయాలి. అది ఇంకొకరి మీద వేసే బలాలు ఈ బొమ్మలోకి రాకూడదు.

ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి. ప్రతి బాణం పక్కనా ఆ బలం ఎవరిదో రాయాలి: భూమి, నేల, తాడు, గాలి, ఇంకో ఆవేశం. పేరు రాయలేకపోతే ఆ బాణం కొట్టేయండి.

పోయిన ఏడాది ఒక అమ్మాయి సముద్రంలోకి విసిరిన రాయి బొమ్మ గీసింది. రాయి గాల్లో ఉంది. కిందికి ఒక బాణం, ముందుకు ఇంకో బాణం.

"ఈ ముందు బాణం ఏంటమ్మా?"

"విసిరిన బలం మాష్టారూ."

"ఇప్పుడు ఎవరు తోస్తున్నారు? నీ చెయ్యి ఒడ్డునే ఉండిపోయింది కదా?"

కాసేపు ఆలోచించి తనే రబ్బరు తీసింది. గాలి నిరోధాన్ని వదిలేస్తే, చెయ్యి దాటిన రాయి మీద ఉన్నది భూమి లాగే బలం ఒక్కటే. ముందుకు వెళ్లడానికి బలం అక్కర్లేదు, అప్పటికే ఉన్న వేగం చాలు. ఈ "చలన బలం" బాణం మా డాబా మీద ఏటా కనీసం సగం నోట్సుల్లో కనిపిస్తుంది. ఆర్టీసీ బస్సు సడన్ బ్రేకు వేసినప్పుడు మనల్ని ముందుకు తోసే బలం కూడా ఈ బాపతే. రోడ్డు మీద నిలబడి చూసేవాడి లెక్కలో అలాంటి బలం లేదు. బస్సు ఆగింది, మనం ఆగలేదు, అంతే.

3. ధన దిక్కు ఒకటి ఎంచుకోండి, ఆఖరిదాకా మార్చకండి

పైకి ధనమా, కిందికి ధనమా అని గొడవ పడక్కర్లేదు. ఏదైనా పర్లేదు, కానీ బొమ్మ పక్కన ఒక చిన్న బాణం గీసి కూడిక గుర్తు పెట్టండి.

అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ డాబా, ఎత్తు 15 మీటర్లు. బంతిని నిటారుగా పైకి సెకనుకు 10 మీటర్ల వేగంతో విసిరారు. నేలను ఎప్పుడు తాకుతుంది? గురుత్వ త్వరణం 10 తీసుకుందాం, పైదిక్కు ధనం. స్థానభ్రంశం −15, తొలి వేగం +10, త్వరణం −10. కాలాన్ని టీ అనుకుంటే: −15 = 10టీ − 5టీ². సర్దితే టీ² − 2టీ − 3 = 0. జవాబులు 3, −1. విసరక ముందు కాలం మనకు వద్దు కాబట్టి 3 సెకన్లు.

"ఎత్తు 15 కదా" అని +15 పెట్టారనుకోండి, వర్గమూలం లోపల రుణసంఖ్య వచ్చి కూర్చుంటుంది. కంగారు పడి మళ్లీ మొదట్నుంచి చేయకండి. లెక్క మీతో ఏదో చెబుతోంది: 10 వేగంతో విసిరిన బంతి 5 మీటర్లే పైకి లేస్తుంది, 15 మీటర్ల పైకి ఎప్పటికీ చేరదు. గుర్తు ఒక్కటి సరిచేస్తే చాలు.

4. వాలు మీద అక్షాలు కూడా వాల్చండి

సింహాచలం కొండ ఎక్కే దారిలో ఒక పెట్టె పెట్టారనుకుందాం. వాలు 30 డిగ్రీలు (అసలు ఘాట్ రోడ్డు ఇంత నిటారుగా ఉండదు, లెక్క తేలిక కోసం). పెట్టె 10 కిలోలు, ఘర్షణ గుణకం 0.4. పెట్టె జారుతుందా? జారితే త్వరణం ఎంత?

ఒక అక్షాన్ని వాలు వెంట, రెండోదాన్ని వాలుకు లంబంగా గీయండి. బరువు 98 న్యూటన్లు. వాలు వెంట దాని అంశ 98 × సైన్ 30 = 49. వాలులోకి నొక్కే అంశ 98 × కాస్ 30 = 84.9. వాలు పెట్టెను తిరిగి లంబంగా తోసే బలం, అంటే అభిలంబ బలం, కూడా 84.9. ఘర్షణ గరిష్ఠంగా 0.4 × 84.9 = సుమారు 34 న్యూటన్లు. 49 కంటే తక్కువ కాబట్టి పెట్టె జారుతుంది. మిగిలిన 15 న్యూటన్లను 10తో భాగిస్తే త్వరణం 1.5.

ఇక్కడ జరిగే తప్పులు మూడు, తరచుగా జరిగే వరసలోనే చెబుతాను.

మొదటిది, అలవాటు కొద్దీ అభిలంబ బలాన్ని బరువుకు సమానం చేసేయడం. అలా చేస్తే ఘర్షణ 39.2, త్వరణం 0.98 వస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, అందుకే ఇది ప్రమాదకరమైన తప్పు. నేల చదునుగా ఉండి, ఎవరూ పైకో కిందికో లాగకుండా, నిలువు త్వరణం లేనప్పుడు మాత్రమే ఆ రెండూ సమానం.

రెండోది, సైన్, కాస్ తారుమారు. దీనికి కంఠస్థం అక్కర్లేదు. వాలును పూర్తిగా చదును చేయండి, అంటే కోణం సున్నా. అప్పుడు పెట్టె జారకూడదు. సైన్ సున్నా విలువ సున్నా, కాబట్టి జార్చే అంశకు సైన్. పరీక్ష హాల్లో అయిదు సెకన్ల పని.

మూడోది కొంచెం లోతైనది. ఘర్షణ గుణకం 0.7 అనుకోండి. 0.7 × 84.9 = 59.4. జార్చే బలం 49. చాలామంది 49 − 59.4 చేసి, 10తో భాగించి, త్వరణం −1.04 అని రాస్తారు. అంటే కదలకుండా పెట్టిన పెట్టె తనంతట తానే అప్పన్న దర్శనానికి కొండెక్కుతోందన్నమాట! ఆగి ఉన్న వస్తువు మీద ఘర్షణ అవసరమైనంతే పుడుతుంది. 59.4 దాని హద్దు మాత్రమే. ఇక్కడ అవసరం 49, కాబట్టి ఘర్షణ 49, త్వరణం సున్నా. ముందు "జారుతుందా?" అని తేల్చాకే త్వరణం జోలికి వెళ్లండి.

ఇంట్లో సరిచూసుకోవాలంటే: ఒక అట్ట మీద రబ్బరు ముక్క పెట్టి, అట్టను మెల్లగా ఒకవైపు ఎత్తండి. రబ్బరు జారబోయే క్షణంలో ఆపి, ఎత్తును నేల మీది అడ్డ దూరంతో (అట్ట పొడవుతో కాదు) భాగించండి. వచ్చిందే ఆ జంటకు స్థైతిక ఘర్షణ గుణకం. రబ్బరు మీద రెండో రబ్బరు పెట్టి మళ్లీ చేయండి. బరువు రెట్టింపైనా కోణం దాదాపు మారదు.

5. సమీకరణంలో చలనం దిక్కు కాదు, త్వరణం దిక్కు

లిఫ్టు లెక్కల్లో ఇదొక్కటే కిటుకు. 60 కిలోల మనిషి బరువు తూచే మిషన్ మీద నిలబడ్డాడు. లిఫ్టు 2 త్వరణంతో పైకి బయల్దేరితే మిషన్ ఇచ్చే బలం 60 × (9.8 + 2) = 708 న్యూటన్లు, ముల్లు చూపేది సుమారు 72 కిలోలు. నిలకడ వేగంతో పైకి పోతుంటే? అదే 60. పైకి పోతూ పై అంతస్తులో ఆగబోతుంటే? త్వరణం కిందికి, కాబట్టి 60 కంటే తక్కువ. "పైకి వెళ్తోంది కాబట్టి ఎక్కువ" అని రాసేవాళ్లు ఈ మూడో ప్రశ్నలో పడిపోతారు. త్వరణానికి రెండో రంగు పెన్ను అడిగింది ఇందుకే.

మీ అపార్ట్‌మెంట్ లిఫ్టులోనే చూడొచ్చు. ముల్లు ఉన్న పాత రకం మిషన్ తీసుకెళ్లండి. డిజిటల్‌వి చాలావరకు ఒక అంకె దగ్గర ఆగిపోతాయి, మార్పు కనిపించదు. వాచ్‌మన్‌కు ముందే చెప్పండి, లేకపోతే మిషన్‌తో నాలుగుసార్లు ఎక్కి దిగేవాణ్ని చూసి ఏమనుకుంటాడో.

6. విద్యుత్ క్షేత్రంలో ముందు బాణం, తర్వాత సంఖ్య

ఆవేశాల అధ్యాయం కొత్తది అనుకుంటారు గాని, పని పాతదే. క్షేత్రం అడిగిన చోట +1 కూలుంబు ఊహా ఆవేశాన్ని పెట్టండి, దాని మీద పడే బలమే అక్కడి క్షేత్రం. ధనావేశం దాన్ని దూరంగా తోస్తుంది, రుణావేశం దగ్గరికి లాగుతుంది. ఆ బాణాలు గీశాక, ఆవేశాల గుర్తులతో మీకు ఇక పని లేదు. సూత్రంలో పరిమాణం మాత్రమే పెట్టాలి, దిక్కు బొమ్మ చెబుతుంది.

+2, −2 మైక్రోకూలుంబుల ఆవేశాలు 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. సరిగ్గా మధ్యలో క్షేత్రం? ఒక్కో ఆవేశం వల్ల (కూలుంబ్ స్థిరాంకం × ఆవేశం ÷ దూరం వర్గం) 9×10⁹ × 2×10⁻⁶ ÷ (0.1)² = 1.8×10⁶ న్యూటన్లు/కూలుంబు. ధనావేశం తోసేది రుణావేశం వైపు, రుణావేశం లాగేదీ తన వైపే. రెండు బాణాలూ ఒకే దిక్కు, మొత్తం 3.6×10⁶. గుర్తులు సూత్రంలో పెట్టి కూడినవాడికి సున్నా వస్తుంది. క్లాసులో ఈ లెక్క ఇస్తే సున్నా అని ముందుగా చెయ్యెత్తేది ఎప్పుడూ చురుకైన పిల్లలే.

ఇంకో మాట. సుమారు 3×10⁶ క్షేత్రం దగ్గర పొడిగాలి తట్టుకోలేదు, మెరుపులా రవ్వ దూకుతుంది. అంటే పుస్తకంలో మామూలుగా ఇచ్చే ఈ లెక్కను నిజంగా గాల్లో పెట్టి చూడటం కుదరని పని. మైక్రోకూలుంబు పేరులోనే చిన్నది.

ఇప్పుడు అందరూ అడిగే శూన్య బిందువు. +4, +1 మైక్రోకూలుంబులు, మధ్య దూరం 30 సెంటీమీటర్లు. +4 నుంచి ఎంత దూరంలో క్షేత్రం సున్నా? ఆ దూరాన్ని ఎక్స్ అనుకుంటే, 4/ఎక్స్² = 1/(30 − ఎక్స్)². సాధిస్తే రెండు విలువలు: 20, 60.

ఇప్పుడు రెండో ఆవేశాన్ని −1 చేయండి. పరిమాణాలే పెడతాం కాబట్టి సమీకరణం అక్షరం మారదు. జవాబులూ అవే: 20, 60.

మరి ఏది ఎక్కడ నిజం? సమీకరణానికి తెలియదు, బొమ్మకు తెలుసు. రెండూ ధనావేశాలైతే మధ్యలో బాణాలు ఎదురెదురు, బయట ఒకే దిక్కు. రద్దయ్యేది మధ్యలోనే, జవాబు 20. ఒకటి రుణమైతే మధ్యలో రెండు బాణాలూ ఒకే దిక్కు, రద్దయ్యే ప్రశ్నే లేదు. బయట ఎదురెదురు. అందులోనూ చిన్న ఆవేశం వైపే, ఎందుకంటే పెద్దదాని పక్కన దాన్ని చిన్నది ఎప్పటికీ ఓడించలేదు. జవాబు 60, అంటే −1 దాటి ఇంకో 30 సెంటీమీటర్లు. 60ని సమీకరణంలో పెట్టి చూడండి: 4/3600, 1/900. రెండూ సమానం. 20ని పెట్టినా సమానమే వస్తుంది, కానీ అక్కడ ఆ రెండూ కలిసి ఒకే వైపు తోస్తాయి.

బొమ్మ లేకుండా ఈ లెక్క చేసినవాళ్లకు సరైన జవాబు వస్తే అది అదృష్టమే.

మార్గాంతరం: వర్గ సమీకరణం అంటే విసుగైతే రెండు వైపులా వర్గమూలం తీయండి. మొదటి లెక్కకు 2/ఎక్స్ = 1/(30 − ఎక్స్), రెండోదానికి 2/ఎక్స్ = 1/(ఎక్స్ − 30). బొమ్మ ముందే గీశారు కాబట్టి ఎక్స్ పెద్దదో 30 పెద్దదో మీకు తెలుసు.

గురుత్వం లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది ఇంకో సందేహం. ఎలక్ట్రాన్, ప్రోటాన్ అయితే మామూలు లెక్కల్లో వదిలేయండి. 1000 న్యూటన్లు/కూలుంబు క్షేత్రంలో ఎలక్ట్రాన్ మీద బలం 1.6×10⁻¹⁶ న్యూటన్లు, దాని బరువు 9×10⁻³⁰ దగ్గర. నూనె బొట్టు, దారానికి వేలాడే బంతి అయితే వదలకూడదు.

7. అన్నీ కలిపి ఒక పరీక్ష: గోడకు అంటిన బెలూన్

బెలూన్ ఊది, నూనె లేని పొడి జుట్టుకు గట్టిగా రుద్ది, గోడకు ఆనించి వదలండి. మన ఊళ్లో దీనికి వేళ చూసుకోవాలి. మే నెలలో సముద్రపు తేమగాలికి ఆవేశం నిలవదు, పిల్లలు "ప్రయోగం అబద్ధం" అని తేల్చేస్తారు. డిసెంబరు, జనవరి మధ్యాహ్నాల్లో చేయండి, లేదా ఏసీ అరగంట వేసిన గదిలో.

అంటుకున్నాక ఎఫ్‌బీడీ గీయండి. నాలుగు బాణాలు రావాలి: భూమి కిందికి, గోడలోని ఆవేశాలు గోడ వైపు, గోడ అభిలంబ బలం బయటికి, గోడ ఘర్షణ పైకి. "విద్యుత్ బలం పైకి పట్టుకుంది" అని రాస్తే రెండో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

బెలూన్ 2 గ్రాములు, ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే: బరువు 0.0196 న్యూటన్లు, ఘర్షణ కూడా అంతే. దానికి అభిలంబ బలం కనీసం 0.0392 ఉండాలి. కాబట్టి విద్యుత్ ఆకర్షణ కూడా కనీసం 0.0392 న్యూటన్లు. మూడో, నాలుగో మెట్లు దాటి వచ్చినవాళ్లకు ఇది రెండు లైన్ల లెక్క.

ఇప్పుడు కిటికీ తెరవండి. తేమ లోపలికొస్తుంది, ఆవేశం మెల్లగా కారిపోతుంది, కాసేపటికి బెలూన్ జారుతుంది. జారేలోపు బొమ్మలో ఏ బాణాలు పొట్టివవుతూ వచ్చాయి? ఆకర్షణ, అభిలంబ బలం. ఘర్షణ బాణం మాత్రం జారే క్షణం దాకా 0.0196 దగ్గరే ఉంది. తగ్గుతూ వచ్చింది దాని హద్దు. మా బ్యాచ్‌లో ఈ ప్రశ్నకు "మూడూ తగ్గాయి" అన్నవాళ్లను నేను మళ్లీ సింహాచలం పెట్టె దగ్గరికి పంపిస్తాను.